దారం తెగని ఊపిరి

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఇప్పుడు చెప్పబోయే సంగతి వింటే రాట్నం ఆపి మరీ ప్రశ్నలు వేసేదానివి, అందుకే రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో ఒక పరిశోధన కోసం ప్రాణాయామం చేసేవాళ్ల తలలు స్కాన్ తీస్తున్నాం. మెదడు చుట్టూ నీరు ఉంటుంది. నిదానంగా ఊపిరి పీలిస్తే ఆ నీరు పైకి కదులుతుంది, వదిలితే కిందికి జారుతుంది. మెషిన్ నడిపేది నేనే కదా, తెర మీద కళ్లారా చూశాను. నిద్రలో మెదడుని కడిగేది కూడా ఆ నీరేనట. "అయితే ఇలా ఊపిరి తీస్తే నిద్ర బాగా పడుతుందా?" అని ఆ పరిశోధన చేస్తున్న డాక్టరమ్మని అడిగాను. "అది ఇంకా తేలలేదు," అన్నారు.

ఒకరోజు నన్నూ మెషిన్‌లో పడుకోమన్నారు. నెమ్మదిగా ఊపిరి తీయమంటే నాకు తెలిసింది పొందూరులో నువ్వు నేర్పిన పద్ధతి ఒక్కటే. దూదిలోంచి దారం సాగినంతసేపూ పీల్చడం, కదురుకి చుట్టినంతసేపూ వదలడం. "ఒసే, గాబరా పడకు. ఊపిరి అదిరితే దారం తెగిపోతాది," అనేదానివి. బయటికి రాగానే డాక్టరమ్మ, "యోగా ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. రోజంతా వడికి, చాప మీద వాలగానే నిద్రపోయేదానివి. నీ చేతులు వణుకుతున్నాయి, ఇక విశ్రాంతి తీసుకోమని రాట్నం అటక మీద పెట్టించింది నేనే. ఆ వారం నుంచే, "నిద్దర రాట్లేదే, ఏటి సెయ్యను?" అనడం మొదలుపెట్టావు. నేను మాత్రలు తెచ్చి ఇచ్చాను.

నిన్న మధ్యాహ్నం రాట్నం కిందికి దించాను. దారం మూడుసార్లు తెగింది. నాలుగోసారి, నువ్వు నేర్పినట్టే నిదానంగా ఊపిరి పీలుస్తూ లాగితే మూరెడు సాగింది. అప్పుడు నాకు ఆవలింత వచ్చిందమ్మా.