మనోళ్ళు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రష్యా కూలిపోయి, కొనేవాళ్ళు లేక మన పొగాకు ఇంట్లోనే మగ్గిపోయిన ఏడు ఎర్రజెండా పక్కన కూర్చుని నువ్వన్న మాట గుర్తొస్తోంది. "రష్యా వాళ్ళు ఒక్కసారే మార్కెట్లోకి దూకి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. చైనా వాళ్ళు మెట్టు మెట్టూ చూసుకుని దిగుతున్నారు. ఎట్లా దిగినా ఇద్దరూ మనోళ్ళేరా!"

ఆ తర్వాత నువ్వు మిరప వేశావు. ఇప్పుడు మన కాయ చైనాకే వెళుతోంది.

ఇవాళ అమ్మా నేనూ మిరప టిక్కీ బస్తాలు గుంటూరు మిర్చి యార్డుకు తెచ్చాం. "చైనా వాడు కొనట్లేదమ్మా. రేటు ఇంకా పడాలని ఆగాడు," అన్నాడు కమీషన్ వ్యాపారి.

"వాళ్ళు మనోళ్ళండీ, అట్లా చెయ్యరు," అంది అమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ మాత్రం టిక్కీల పక్కనే కూర్చుని, సాయంత్రం దాకా నీ వాళ్ళ కోసం చూసింది.