గోడలో దొరికిన ఖాళీ పైపు

పిన్నిగారికి నమస్కారం.

మీ దగ్గర ఇల్లు కొనుక్కున్న అమ్మాయిని. కొత్త వైర్లు కనబడకుండా వేయించడానికి వెనక గది గోడకు గాడి కొట్టిస్తుంటే, మంచం ఎత్తులో, సిమెంటు పూసేసిన స్విచ్చు పెట్టె బయటపడింది. అక్కడినుంచి వంటింటి దాకా ఒక ఖాళీ పైపు ఉంది.

మా ఎలక్ట్రీషియన్ ఎవరి పనినీ ఓ పట్టాన మెచ్చుకోడు. "బెల్లు కోసం వేశారమ్మా. తడి తగలకుండా నీళ్ల పైపుకి ఎంత దూరంగా వేశారో చూడండి" అని మెచ్చుకున్నాడు.

ఆ గది ఇప్పుడు మా నాన్నది. పక్షవాతంతో మాట పడిపోయింది. అందుకే అదే పైపులోంచి మళ్లీ బెల్లు వైరు లాగిస్తున్నాం.

ఇంతకీ మీరు ఎవరి కోసం వేయించారు? అడగకూడదేమో గానీ, ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ స్విచ్చు మీద సిమెంటు పూయించింది, వాళ్లు లేచి తిరగడం మొదలుపెట్టాకేనా?