పై గడి

టర్లీ క్రీక్, ఇండియానా
18 నవంబర్ 2012, ఆదివారం

అక్క నాడీన్‌కి తమ్ముడు డార్రెల్ నమస్కారాలు.

ముందు క్షేమసమాచారాలు రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేను బతికే ఉన్నాను. కుక్క బాగుంది. క్లైడ్ బావకి నడుంనొప్పి తగ్గిందని చర్చిలో ఎవరో అంటే విన్నాను, సంతోషం. నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు గనక ఈ కాగితం పట్టుకున్నాను. ఫోన్ అయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరం చివరిదాకా చదువుతావని నాకు తెలుసు, నీకు ఆ జబ్బుంది.

అనుమానం వచ్చి పక్కన ఉంచిన ఓట్లు కూడా కలిపి శుక్రవారం లెక్క తేల్చేశారు. కౌంటీ కమిషనర్ పదవికి నిలబడి ముప్పై ఒక్క ఓట్లతో ఓడిపోయాను. కౌంటీని నడిపే కమిషనర్లు ముగ్గురిలో ఒకడే కౌంటీ వృద్ధాశ్రమం అమ్మకూడదంటున్నాడు. నేను గెలిస్తే ఇద్దరమయ్యేవాళ్లం, అమ్మకం ఆగిపోయేది. ఇప్పుడు జనవరిలో అమ్మేస్తారు. ప్రభుత్వ ఖర్చు మీద ఉండేవాళ్లకి తన దగ్గర చోటు లేదని కొనేవాడు ముందే చెప్పాడు. అమ్మ ఆ ఖర్చు మీదే ఉంది. ఆవిణ్ని ఎవాన్స్‌విల్ పంపుతారట. వెళ్లిరావడానికే నాలుగు గంటలు. అమ్మకి చేతులు వణికి చెంచా నిలవదు, నేను తప్ప ఇంకెవరు తినిపించబోయినా నోరు తెరవదు. రోజూ సాయంత్రం నేను వెళ్లకపోతే ఆవిడ ఏం తింటుందో నువ్వే చెప్పు.

రిపబ్లికన్ల తరఫున ఎందుకు నిలబడ్డానో నీకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఆశ్రమాన్ని అమ్ముతున్నది మన డెమోక్రాట్లే. వాళ్లలో నాకు చోటివ్వలేదు. రిపబ్లికన్లకి నిలబడే మనిషే దొరకలేదు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను, అంతకంటే ఏమీ లేదు. నాన్న రేడియేటర్ల ఫ్యాక్టరీలో యూనియన్ నాయకుడని, మన ఇంట్లో రిపబ్లికన్ అన్నది బూతుమాటని నాకు తెలియదా? అందుకే కదా ఆ సంగతి అమ్మ చెవిన వేయొద్దని మనిద్దరం అనుకున్నాం. నా బోర్డుల మీద పార్టీ పేరు కూడా వేయించలేదు.

నిన్ను నేనడిగింది ఒక్క చుక్క సిరా. ఓటు కాగితం పైన పార్టీ గడి ఉంటుంది, అది నింపితే అధ్యక్షుడి దగ్గర్నుంచి కౌంటీ సర్వేయరు దాకా ఆ పార్టీవాళ్లందరికీ ఒకేసారి ఓటు పడిపోతుంది. అది నింపుకో, నీ అధ్యక్షుణ్ని నువ్వు గెలిపించుకో, కింద నా పేరు పక్కన గడి ఒక్కటి విడిగా నింపు, అది నాకే పడుతుంది అని ఇంటింటికీ తిరిగి చెప్పినట్టే నీకూ చెప్పాను. నువ్వేమన్నావు? ఫ్యాక్టరీ మూసేశాక మీ బావకి మిగిలింది ఆ పింఛను ఒక్కటేరా, దాని మీద కన్నేసినవాళ్ల వరసలో నీ పేరుంటే నాకు చెయ్యెలా ఆడుతుంది అన్నావు. కౌంటీ కమిషనర్ బావ పింఛన్నేం చేస్తాడే, రోడ్డు మీద గుంతలు పూడ్చేవాడే గదా అన్నాను. ఇవాళ గుంతలు, రేపు మేము, అందరూ ఒకటేరా అన్నావు.

నువ్వొక్కదానివే అయితే ఏదో అనుకుందును. వెండెల్, నేను ఇరవై ఏళ్లుగా కలిసి జింకల వేటకి వెళ్తున్నాం. నా కిడ్నీ కావాలంటే కోసుకుపోరా, ఆ గడి మాత్రం అడక్కు అన్నాడు, హోటల్లో అందరూ వింటుండగా. సరే, రిపబ్లికన్లయినా నా వాళ్లవుతారనుకుంటే పెట్రోలు బంకు లాయిడ్ నా మొహమ్మీదే నవ్వాడు. గ్యాలన్ నాలుగు డాలర్లు చేసిన పార్టీలో పుట్టి పెరిగి, ఈ వేసవిలో చొక్కా మార్చుకొస్తే నమ్మేస్తామా అబ్బాయ్ అన్నాడు. డెమోక్రాట్లకి ద్రోహిని, రిపబ్లికన్లకి దొంగని అయ్యాను. ఒక్కటి మాత్రం కళ్లారా చూశాను. లాయిడ్‌కీ నీకూ ఉన్న భయం ఒక్కటే, రేపు ఇల్లు గడుస్తుందా అని. ఉన్న భయమంతా మోసుకెళ్లి వాషింగ్టన్ గుమ్మంలో పోశారు. మన ఊళ్లో ఉన్న మంచం సంగతి ఎవరికీ పట్టలేదు.

కాబట్టి అమ్మని ఆ మంచం మీంచి లేపినవాళ్లలో నువ్వూ ఉన్నావు. నిన్ను నేను క్షమించలేదు, ఆ ప్రయత్నమూ చేయడం లేదు. ఆవిణ్ని ఎవాన్స్‌విల్ తీసుకెళ్లే రోజు కారు నువ్వే నడుపు. ఎందుకు పంపేస్తున్నారని అడిగితే జవాబు కూడా నువ్వే చెప్పు.

ఇంకా రాస్తే మనం మళ్లీ మొహాలు చూసుకోలేం. బావనడిగానని చెప్పు.

నీ తమ్ముణ్నే, ఏం చేస్తాం,
డార్రెల్

తా.క. మంగళవారం పొద్దున. ఇంకా స్టాంపు అంటించలేదు.

లెక్క తేలలేదని అమ్మకి ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను. నిన్న సాయంత్రం కోడిమాంసం నూడుల్స్ తినిపిస్తూ, ఓడిపోయానని చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆవిడే మొదలుపెట్టింది. అక్టోబరులో రెండు పార్టీల గుమాస్తాలు ఓటు కాగితాలు పట్టుకుని ఆశ్రమానికి వచ్చారు కదా, దానికి ముందురోజు చక్రాల కుర్చీ తోయించుకుంటూ భోజనాల గదిలో బల్లబల్లకీ తిరిగిందట. మా డార్రెల్ మన మంచాల కోసం నిలబడ్డాడు, ఒక్కో పేరూ వెతుక్కునే కళ్లు మనకెక్కడివి, పైన డెమోక్రాట్ల గడి నింపేయండి, వాడూ అందులోనే ఉంటాడు, మావాడు ఇంకెక్కడుంటాడు అని అందరికీ చెప్పిందట. పుట్టి బుద్ధెరిగాక ఆ పార్టీకి ఓటేయని పక్క మంచం ఎర్మా కూడా నీ కోసమని ఏడుస్తూ నింపిందిరా అని పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ కాగితం ఆవిడ చెప్పినట్టే గుమాస్తాలిద్దరూ నింపారు. వాళ్లు మధ్యలో మాట్లాడకూడదు. ఆ గదిలో నలభై మందికి పైనే తింటారు నాడీన్.

ఓడిపోయానని చెప్పలేకపోయాను. గెలిచానన్నాను. నేను పదవీ ప్రమాణం చేసే రోజు నీలం గౌను వేసుకుంటానని, ముందు వరసలో కూర్చోబెట్టమని అడిగింది. సరేనన్నాను.

పైన నిన్ను తిట్టినవి కొట్టేయలేదు. సగమైనా నీకు చెందుతాయి, మిగతా సగం నాకే ఉంచుకుంటాను. ఇది రేపు నీకు అందుతుంది. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి అమ్మని మీ ఇంటికి తీసుకొస్తున్నాను. ఈ కథ అందరి ముందూ మళ్లీ మొదట్నుంచీ చెప్తుంది. నేను గెలిచాననే అనాలని బావకి ముందే చెప్పిపెట్టు. చెప్పడం అయిపోగానే నీ వైపు చూస్తుంది, ఎంత మంచి పని చేశావమ్మా అను.