మజ్జిగతేటంత పలచగా

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఇవాళ మీ కెమెరాలో నలుపు తెలుపు రీలు వేసి, మరియమ్మగారు అల్లిన లేసు గుడ్డని మళ్ళీ ఫోటో తీశాను. పొద్దున్నే వాళ్ళమ్మాయి తెచ్చి ఇచ్చింది.

స్టూడియోలో చేరిన కొత్తలో నేను పాడుచేసింది ఆ లేసునే. వెలుగు కొలిచే మీటరు చూపించినట్టే తీస్తే, మల్లెపూవులాంటి లేసు బూడిదరంగులో వచ్చింది. "ఏంటండీ, నా లేసు మాసిపోయిందా?" అని మరియమ్మగారు అడిగారు. నేను నోరు విప్పేలోపే మీరు, "నేనే తీశానమ్మా, పొరపాటైంది. మళ్ళీ తీసిస్తాను" అన్నారు.

ఆవిడ వెళ్ళాక కూడా నన్ను తిట్టలేదు. "మీటరుకి తెలుపంటే తెలీదమ్మాయ్. దేన్ని చూసినా బూడిదే అనుకుంటుంది. లేసుకి రెండు స్టాపులు ఎక్కువ వెలుగివ్వు. రీలు కడిగే డెవలపరు మాత్రం మజ్జిగతేటలా పలచగా కలుపు. చిక్కగా కలిపావంటే దారాలన్నీ కలిసిపోయి సున్నం కొట్టినట్టుంటది" అన్నారు.

ఇవాళ అలాగే చేశాను. మన నరసాపురం ఎండకి పంపునీళ్ళు కాగిపోయి ఉంటే, మీలాగే మంచినీళ్ళ కుండలోంచి ముంచి కలిపాను. ఫోటోలో ఏ దారానికి ఆ దారం విడిగా కనిపిస్తోంది.

సాయంత్రం వాళ్ళమ్మాయి వచ్చి దాన్ని చాలాసేపు చూసింది.

"మాస్టారు తీసినట్టే ఉందండి" అంది.

"మాస్టారే తీశారమ్మా" అన్నాను.

ఆ రోజు మీరు చెప్పింది అబద్ధం మాస్టారూ. ఇవాళ నేను చెప్పింది మాత్రం నిజం.