డిపో ఆయన మీసం

నా బంగారు తల్లికి, శాసనసభలో మన ఊరి తరఫున కూర్చున్న మా అమ్మాయికి, నాన్న మనసారా దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అమ్మ, మన మంగలి కొట్టు, నా కత్తెరలు అందరం క్షేమం. నువ్వక్కడ వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. నమ్మమని మీ అమ్మ చెప్పింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు బాగానే ఉంది, కుర్చీ చుట్టూ తిరగనిస్తోంది. మీ అమ్మ బీపీ మాత్ర మానడం లేదు, నన్ను తిట్టడమూ మానడం లేదు. ఇక, రోడ్డు కంటే ముందు ఆసుపత్రిలో కాన్పుల వార్డు కావాలని సభలో పట్టుబట్టినందుకు జనం ఏమంటున్నారని అడిగావు. మొదట్లో నురగ పూయించుకున్న ప్రతివాడూ సణిగాడు. "గుంతల్లో మా నడుములు విరుగుతుంటే మీ అమ్మాయికి కాన్పుల వార్డు కావాల్సొచ్చిందా బాబాయ్?" అనేవారు. కత్తి నా చేతిలోనే ఉంది కదా అని నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ సణుగుడు లేదు తల్లీ. వార్డు తెరిచారు. రాత్రిపూట కూడా డాక్టరమ్మ ఉంటోంది. అక్కడ మొట్టమొదట పుట్టింది ఎవరనుకున్నావు? నిన్ను ఓడించాలని ఇల్లిల్లూ తిరిగిన టింబర్ డిపో ఆయన మనవరాలు. కోడలికి నొప్పులొస్తే పెద్దాసుపత్రి దాకా పోయే వ్యవధి లేకపోయిందట. తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. ఈ కబురు వినగానే, గడ్డం గీయించుకుంటున్న మనిషిని వదిలేసి వీధిలోకి పరిగెత్తాను. ఆ మనిషి పాపం సగం గడ్డంతో నా వెనకే వచ్చాడు.

ఇక దాచిన మాట చెప్పేస్తాను, కోప్పడకు. కొట్లో రాజకీయాలు వద్దని నాచేత ఒట్టు వేయించుకున్నావు కదా. నువ్వు గెలిచిన కొత్తల్లోనే డిపో ఆయన నా కుర్చీలో కూర్చుని, "ఆ వార్డు తెరిస్తే నా మీసం తీయించుకుంటా బావా. తెరవకపోతే?" అన్నాడు. "కొట్టు మూసేస్తా" అనేశాను. నేను ప్రతి ఉత్తరంలో వార్డు సంగతి అడుగుతుంటే, నాన్నకు జనం మీద ఎంత ధ్యాసో అని మురిసిపోయావు. ధ్యాస ఉంది తల్లీ, కాదనను. కొట్టు మీద కూడా ఉంది.

నిన్న ఆయన వచ్చాడు. గుమ్మం నిండా జనం. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, "కానివ్వు బావా, మాటంటే మాటే" అన్నాడు. మా ఇద్దరి జుట్టూ నల్లగా ఉన్నప్పటినుంచి నేను తీర్చిదిద్దిన మీసం అది. చేతులు రాలేదు. కొసలు సరిచేసి, నూనె రాసి, అద్దం చూపించాను.

"ఉంచుకో. మనవరాలు పట్టుకుని లాగాలి కదా" అన్నాను.

ఆయన అద్దంలోకి చూసుకుని, "ఊరికే వదిలేస్తే నేను తలెత్తుకోలేను. ఇంకో పందెం కట్టు" అన్నాడు. హైస్కూలు ఆడపిల్లలకు నువ్వు బస్సు వేయిస్తావా లేదా అని. వార్డు తర్వాత నువ్విచ్చిన మాట అదే కదా.

"వేయించకపోతే ఈసారి నా మీసం తీసేస్తా" అన్నాను.

వెనక గదిలోంచి మీ అమ్మ, "మీకసలు మీసమెక్కడుంది?" అంది. కొట్టంతా ఒకటే నవ్వులు.

అందుకని ఇవాళ ఉదయం అందరి గడ్డాలూ గీశాను గానీ, నా మూతి జోలికి పోలేదు. పెంచుతున్నాను తల్లీ. తీసే పని పడదని తెలిసే పెంచుతున్నాను.

ఇట్లు,
మూతి మీద గరుకు మొదలైన
మీ నాన్న