ఎజ్మెలో ఉప్పు ఎవరు చూడాలి

ప్రియమైన సుగుణక్కకు,

అబుదాబీ నుంచి నీ చెల్లెలు రత్నం వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి వెళుతున్నారా, ఇంకా ఫోనులోనే పాఠాలా? నేను బాగానే ఉన్నాను. జ్వరం పూర్తిగా పోయింది. తింటున్నాను, నిద్రపోతున్నాను, ఏమీ కంగారు పడకు. ఫోనులో చెబితే బావగారు స్పీకరు పెడతారు, వీధి వీధంతా వింటుంది. అందుకే ఎదురింట్లో పనిచేసే కుమారి సెలవు మీద ఊరికొస్తుంటే ఈ కాగితం ఆమె చేతికిచ్చాను. నువ్వొక్కదానివే చదువుకో.

విషయం ఏమిటంటే అక్కా, ఆ జ్వరం పోతూ పోతూ నా ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్లలా ఉంటుంది. పాలు మాడి గిన్నె నల్లబడినా నాకు తెలియలేదు. నన్ను ఇల్లు తుడిచే పని నుంచి వంటగదిలోకి మార్చి ఎన్నాళ్లో కాలేదు కదా, వంటమనిషికి రుచి తెలియదంటే ఎవరుంచుకుంటారు? కుమారిని అడిగితే ఇంకా భయపెట్టింది.

"నోరు మూసుకుని ఊరుకోవే రత్నం. చెప్పేవంటే ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి పంపేత్తారు. అక్కడికెళ్లి ఏం చేత్తావు?"

సరే, నోరు మూసుకున్నాను. చేతి అంచనాతోనే వండుతూ వచ్చాను. మా మేడం టర్కీ ఆవిడ, సార్ ఇక్కడి అరబ్బు. ఆయన ఉద్యోగం ఎక్కడో దూరాన రువైస్ అనే ఊళ్లో, జ్వరాల వల్ల దారులు మూసినప్పుడు అక్కడే చిక్కుపడ్డారు. ఇంట్లో మేమిద్దరమే. జ్వరం ముందు ఆవిడకి వచ్చింది, ఆవిడకి సేవ చేసి నేనూ తెచ్చుకున్నాను. లేచిన దగ్గర్నుంచి ఆవిడకో కొత్త అలవాటు. కూర దించగానే గరిటె నా చేతికిచ్చి, "రత్నం, ఉప్పు సరిపోయిందా, నువ్వు చూడు" అంటుంది. నేను నాలుక మీద వేసుకుని, రెండుసార్లు చప్పరించి, "సరిపోయింది మేడం" అంటాను. ఆవిడ తిని "బాగుంది" అంటుంది. అంటే నిజంగానే బాగుందా? లేక పాపమని ఊరుకుంటోందా? ఏమీ పాలుపోయేది కాదు. ఒక్కోసారి నా చేతికే కళ్లున్నాయేమో అనుకునేదాన్ని.

ఇలా ఉండగా దారులు తెరిచారు, సార్ వచ్చారు. వస్తూనే ఎజ్మె కావాలన్నారు. ఎజ్మె అంటే మేడం వాళ్ల దేశం టమాటా పచ్చడి. రోలు లేదు, పొయ్యి లేదు, తాలింపు అసలే లేదు, అన్నీ పచ్చివే. టమాటా తొక్క తీసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర లాంటి ఒక ఆకు, అన్నీ కలిపి చెక్క మీద పెద్ద కత్తితో తరగాలి. తరిగిందాన్నే మళ్లీ మళ్లీ తరగాలి, మెత్తగా అయ్యేదాకా. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే పోయేదానికి ఇంత చాకిరీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తిప్పితే నీళ్లోడుతుందంటుంది మేడం. తర్వాత ఎర్ర మిరప ముద్ద, మిరప పలుకులు, ఆలివ్ నూనె, నిమ్మరసం, చివర దానిమ్మ పులుసు. మన చింతపండు పులుసులా నల్లగా, చిక్కగా సీసాలో ఉంటుంది.

ఆ సీసా పక్కనే ఖర్జూర పాకం సీసా. అదీ నలుపే, అదీ చిక్కనే. సీసాల మీద రాత చదవడం నాకు రాదు. ఎప్పుడూ మూత తీసి వాసన చూసి పోసేదాన్ని. ఆ రోజు రెండు మూతలూ తీశాను. వాసనకి రెండూ నీళ్లలాగే ఉన్నాయి. మేడాన్ని అడిగితే దొరికిపోతాను. దేవుడి మీద భారం వేసి ఒకటి పోశాను.

సార్ రొట్టె ముంచుకుని నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపేశారు.

"ఇదేంటి, పచ్చడా హల్వానా?"

మేడం గబగబా ఒక చెంచా తీసుకుని తింది. నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. "బాగానే ఉందిగా" అంది మేడం! ఆయన కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, లేచి వెళ్లి రెండు సీసాలూ తెచ్చి, ఒకటి ఆవిడ ముక్కు దగ్గర, ఒకటి నా ముక్కు దగ్గర పెట్టారు. "ఏది ఏది?" అన్నారు. ఇద్దరం బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం.

"నేను నీ నాలుకనే నమ్ముకున్నాను రత్నం" అంది మేడం.

"నేను మీ నాలుకని నమ్ముకున్నాను మేడం" అన్నాను.

సార్ నవ్వీ నవ్వీ పొలమారి దగ్గారు. ఆవిడ మాత్రం వంటగదిలోకొచ్చి ఏడ్చింది. తనకి ఇక ఎప్పటికీ వాళ్లమ్మ వంట రుచి తెలియదేమోనని ఆవిడ బెంగ. నన్ను ఎక్కడికీ పంపనంది. సార్ మళ్లీ రువైస్ వెళ్లిపోయారు. అప్పట్నుంచి రోజూ ఎజ్మె చేసుకుంటున్నాం, దాని కారం ఒక్కటే మా ఇద్దరికీ చురుక్కుమని తెలుస్తుంది కాబట్టి. రోజురోజుకీ మిరప పెంచుతున్నాం. కుమారి తిరిగొచ్చేటప్పుడు గొడ్డుకారం కొంచెం పంపు, మేడం మన కారం చూస్తానంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆ ఆకు తరుగుతుంటే పచ్చివాసన తగిలింది. భ్రమ అనుకున్నాను. ఉల్లిపాయ ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఘాటుగా వచ్చింది. పచ్చడి కలిపి చెంచాతో కాస్త నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు ఎక్కువైంది, అక్కా! ఏడుపొచ్చింది. అంతలో మేడం వచ్చి రోజూలాగే, "నీకేమైనా తెలిసిందా?" అని నా మొహంలోకి చూసింది.

"లేదు మేడం" అన్నాను.

"పోనీలే, ఇద్దరికీ కలిసే వస్తుంది" అని నవ్వి, ఆ ఉప్పుకషాయమే ఇష్టంగా తింది. నేనూ తిన్నాను.

అప్పుడు తెలియక తెలుసన్నాను, ఇప్పుడు తెలిసి తెలియదన్నాను. ఎందుకన్నానో నాకే అర్థం కావడం లేదు. తప్పు చేశానా? ఆదివారం చర్చిలో అయ్యగారితో ప్రార్థన చేయించు. నా కోసం కాదు, మా మేడం కోసం. ఆవిడ నమాజు వేరు, మన ప్రార్థన వేరు, అయినా చేయించు. ఆవిడకి కూడా వచ్చేదాకా ఎలా చెప్పను?

అమ్మకీ బావగారికీ వందనాలు, పిల్లలకి ముద్దులు. పెద్దదానివి, నన్ను దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు రత్నం