పైకెత్తిన పాదం

ఎజ్రా చిన్నాన్నకి,

బ్రామ్‌ను తిరిగి పంపమన్న నీ ఉత్తరం అందింది. పంపను.

"ఈ కుక్క పాదాలు వేటకు పనికిరావు, తిండి దండగ, నువ్వే ఉంచుకో" అంటూ గుర్రాల సంతలో అందరి ముందూ నా అరచేతిని చరిచి ఇచ్చావు. చెయ్యి చరిచాక మాట వెనక్కి పోదని నాకు నేర్పింది నువ్వే.

దాని ఎడమ పాదాన్ని రోజూ ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆనెలను కొంచెం కొంచెంగా గీకాను. కంకర తొక్కనివ్వకుండా, దున్నిన చేలల్లోనే నడిపించాను. "ఈ సేవలో సగం నాకు చేస్తే నేనూ కుందేళ్లు పడతాను కదే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

క్రిస్మస్ ముందు నువ్వొచ్చిన రోజు, బ్రామ్ గట్టు మీద ఒక బొరియ దగ్గర పాదం పైకెత్తి కదలకుండా నిలబడింది. "మళ్లీ కుంటుతోంది, చూడు" అని నవ్వి వెళ్లిపోయావు. అది ఎత్తింది కుడి పాదం, చిన్నాన్నా. జబ్బు పాదం మీదే బరువంతా మోపి నిలబడింది. నువ్వు వెళ్లాక ఆ బొరియకు వల కట్టి, ముంగిసలా ఉండే మా పెంపుడు ఫెర్రెట్‌ను లోపలికి వదిలాను. దానికి భయపడి మూడు కుందేళ్లు బయటికురికి వలలో పడ్డాయి. ఖాళీ బొరియ దగ్గర బ్రామ్ ఇంతవరకు పాదం ఎత్తలేదు.

ఆ సంగతి ఇప్పుడు నీ చెవిన పడినట్టుంది.

జూన్‌లో సంతకు వస్తున్నాం. బ్రామ్ కావాలంటే, నా చెయ్యి చరిచిన చోటే నిలబడి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని అందరూ వినేలా చెప్పు. బ్రామ్ కూడా వింటుంది, నాలుగు పాదాల మీదా నిలబడి.

నీ అన్న కూతురు